కక్కు కొట్టిన చక్రం

ధర్మపురి వీధుల్లో తిమ్మరాయన్ సైకిలు దిగగా చూసినవాళ్ళు తక్కువ. ఆగాలంటే ఏదో ఒకటి పట్టుకుని ఆగేవాడు. బస్టాండు ఎదురుగా టీకొట్టు గుంజ, కోర్టు ప్రహరీ మూల, సేలం రోడ్డు మలుపులో కరెంటు స్తంభం. ఊరు మొత్తం అతనికి రెండే రకాలు: పట్టు దొరికే చోటు, దొరకని చోటు. దొరకని చోట ఎంత పనున్నా ఆగడు. ముందుకు పోయి, చుట్టు తిరిగి, దొరికే చోటికి వస్తాడు. టీ కూడా సీటు మీదే. ఒక చెయ్యి గుంజ మీద, ఒక చెయ్యి గ్లాసు మీద. కొత్తగా చూసినవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. పాతవాళ్ళు అతని ఎడమ పాదం వైపు చూసేవాళ్ళు. అది పాత ట్యూబు ముక్కతో పెడలుకు కట్టేసి ఉండేది.

ఆ కాలు పోలేదు, ఉంది. మోకాలు వంగుతుంది, పాదం నేలకు ఆనుతుంది. బలమే లేదు. క్వారీలో మందు పేల్చిన ఒక పూట, అంతా అయిపోయిందనుకుని లోపలికి పోయినవాడి తొడ మీదికి ఒక బండ తాపీగా జారి కూర్చుంది. పెద్దాసుపత్రిలో ఎముక అతికింది గానీ నరం అతకలేదు. అప్పటికి అతనికి ముప్పై ఒకటి.

చెట్టికరై దాటాక బండ కింద రాతిపనివాళ్ళ ఇళ్ళు ఇరవై ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం చూపిస్తే అక్కడ ఒక్కరికీ తెలియదు. ఆ ఇళ్ళకు, రోడ్డుకు మధ్య జల్లి కుప్ప ఉంది. ఇళ్ళకూ రోడ్లకూ వేసే చిన్న కంకరను అక్కడ జల్లి అంటారు. క్వారీలో పనికిరాకుండా పోయిన మగవాళ్ళు, బిడ్డల తల్లులు ఆ కుప్ప పక్కన తాటాకు తడిక నీడలో కూర్చుని, పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా చిన్న సుత్తితో రాయిని ముక్కలు చేస్తారు. తిమ్మరాయన్ నాయన అక్కడే కూర్చున్నాడు. కూర్చున్న నాలుగో ఏడు దగ్గుతో పోయాడు. కుప్ప దగ్గర కూర్చున్న మగవాడు మళ్ళీ లేచి ఇంకో పనికి పోవడం ఆ ఇరవై ఇళ్ళలో ఎవరూ చూడలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మేస్త్రీ కబురు పెట్టాడు, తడిక కింద చోటుందని. కబురు తెచ్చినవాడి మీద తిమ్మరాయన్ చెంబు విసిరాడు. తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

అతన్ని కుప్పకు పోకుండా ఆపినవాడు కరుప్పుసామి. అరవం మనిషి, బస్టాండు వెనక వీధిలో కల్వెట్ల అంగడి. కల్వెట్టు అంటే ప్రారంభోత్సవాలకు గోడలో పొదిగే పేర్ల పలక. ఆయన క్వారీ నుంచి పలకలు కొనేవాడు. వాటి అంచులు చూసి ఇది ఎవరి చెయ్యి అని ఒకసారి అడిగి, ఆ చేతిని గుర్తు పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పనే గదా, రమ్మన్నాడు. సుద్దతో రాసిచ్చిన అరవ అక్షరాల మీద ఉలి నడపడం తిమ్మరాయన్ మూడు నెలల్లో నేర్చాడు. ఆరో నెలకల్లా సుద్ద గీత తప్పుగా ఉంటే తానే దిద్దేవాడు. మంత్రుల పేర్లు, కలెక్టర్ల పేర్లు, స్తోమతు ఉన్న చచ్చినవాళ్ళ పేర్లు. నీళ్ళ ట్యాంకు మీద, స్కూలు గోడ మీద, సమాధి మీద అతని చెయ్యి ఉంది. అతని పేరు ఎక్కడా లేదు, దాని మీద అతనికి యావ కూడా లేదు. పొద్దున్నే ఊళ్ళోకి పోవడం, ఎనిమిదింటికి తన పలక ముందు కూర్చోవడం, అంతే అతనికి కావలసింది. జల్లి కుప్పను రోజూ కుడి పక్కన వదిలేసి పోతున్నాడా లేదా అన్నదే లెక్క.

పోవడం ఎట్లా అన్నదే చిక్కు. ఊరు ఎనిమిది కిలోమీటర్లు. రెండేళ్ళు బావమరిది సెంగోడన్ తన సైకిలు వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. ఎనభై ఎనిమిదిలో సెంగోడన్ కట్టడం పనికి బెంగళూరు పోయాడు. పొద్దున ఒక బస్సు ఉంది. అది వచ్చేసరికే మెట్ల మీద మనుషులు వేలాడుతుంటారు. రెండు కర్రలతో నిలబడ్డవాడు ఎక్కేదాకా ఆగే కండక్టరు వారానికి ఒకసారి దొరికేవాడు. తిమ్మరాయన్ పది దాటాక అంగడికి చేరడం మొదలైంది. కరుప్పుసామి ఏమీ అనలేదు. అనకపోవడానికే భయం వేసింది.

అప్పుడు గొడ్లచావడిలో పడేసి ఉన్న తన పాత సైకిలు బయటికి లాగాడు. ఒంటికాలితో నేర్చుకుంటానన్నాడు. కుడికాలు పెడలును కిందికి తొక్కుతుంది, అక్కడితో సరి. దాన్ని మళ్ళీ పైకి తేవాలంటే ఎడమ కాలు తొక్కాలి. ఎడమ కాలు తొక్కదు. కుడి పాదాన్ని కట్టి పైకి లాగి చూశాడు. రెండు గజాలు పోయి పడ్డాడు. పదిహేను రోజులు పడ్డాడు. జల్లి కుప్ప దగ్గర కూర్చున్నవాళ్ళు చూస్తూ ఉండేవాళ్ళు. నవ్వేవాళ్ళు కారు. ఒక ముసలామె తన పక్కన గోనెపట్ట పరిచి పెట్టింది, వస్తాడు గదా అని. ఆ గోనెపట్ట చూసి తిమ్మరాయన్ పదహారో రోజు కూడా పడ్డాడు. వెనక చక్రం గుడ్డు మాదిరి వంకరపోయింది.

ఆ సైకిలును ఎద్దుబండి మీద వేసుకుని బాలసుందరం అంగడికి పోయాడు. బాలసుందరం గంటకింత అని సైకిళ్ళు బాడుగకిస్తాడు, రిపేర్లు చేస్తాడు. ఆయనదీ ఇంట్లో తెలుగే. ఆ అంగడి ముందు ఏడాదిగా ఒక నల్ల చక్రం వేలాడుతూ ఉండేది. బెంగళూరు ఆదివారం సంతలో పాత సామాన్ల మూటతో పాటు వచ్చింది. చువ్వలు లేవు. మొత్తం మూసుకుపోయిన బిళ్ళ, విసుర్రాయి మాదిరి. టైరు చేతివేలంత సన్నం, లోపలి ట్యూబును పాముచర్మంలా చుట్టి కుట్టేసి, చక్రానికి అతికించి ఉంది. పందేలు తొక్కేవాళ్ళు గుండ్రటి బాటలో వాడేదంట, ఎవరో దొర వదిలేసి పోయాడంట, కార్బన్‌తో చేసిందంట. బాలసుందరం విన్నవన్నీ ఇవే. టైపు కొట్టేచోట పెట్టే నల్ల కాగితం గదా కార్బన్, దాంతో చక్రమెట్ల చేస్తారప్పా అని అడిగినవాళ్ళకు, నాలుగు కాగితాలు పెట్టి చేసినారు, ఇంకో మూడు చక్రాలు కింద కాపీ పడినాయి అని చెప్పేవాడు.

కొత్త రిమ్ము వచ్చేదాకా ఇది తగిలించి చూడు, చేటంత బరువు కూడా లేదు, అన్నాడు. తిమ్మరాయన్ దాన్ని ఒక్క వేలితో ఎత్తాడు. రాయి మోసిన ఒళ్ళది. ఏ వస్తువైనా చేతికి ఎంత బరువు తగలాలో అతని చేతికి ముందే తెలుస్తుంది. దీని దగ్గర చెయ్యి తడబడింది.

చట్రం వెనక చేతులు కొంచెం విడదీస్తే చక్రం పట్టింది. గొలుసు పట్టింది. వెనక బ్రేకు అందలేదు, తీసి పారేశారు. ఒక్కటే లోపం కనిపించింది బాలసుందరానికి. మామూలు సైకిలుకు పెడలు ఆపినా చక్రం తిరుగుతూ పోతుంది. అట్లా పోనిచ్చే పళ్ళ బిళ్ళను ఫ్రీ అంటారు. ఈ చక్రానికున్న పళ్ళ బిళ్ళ అట్లా పోనివ్వడం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే. బాలసుందరం చెవి పెట్టి విన్నాడు, సుత్తితో తట్టాడు. "ఫ్రీ జామ్ అయిపోయింది తిమ్మరాయా. తుప్పు. దినామూ రవ్వంత కిరసనాయిలు పొయ్యి, నెలలో ఇడిచిపెడ్తుంది," అన్నాడు.

కరెంటు స్తంభం పట్టుకుని తిమ్మరాయన్ ఎక్కాడు. ఎడమ పాదం కట్టించుకున్నాడు. స్తంభాన్ని తోసి కుడికాలు తొక్కాడు. కుడి పెడలు కిందికి పోయింది. పోయి ఆగలేదు. దానంతట అది పైకి వచ్చింది. దానితో పాటు రెండేళ్ళుగా చచ్చిన మేకపిల్లలా మోస్తున్న ఎడమ కాలు లేచింది, ముడుచుకుంది, చాచుకుంది, మళ్ళీ లేచింది. వీధి చివర వరకూ పోయాడు. పట్టు దొరక్క చుట్టు తిరిగి వచ్చాడు. వచ్చి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

బరువు లేదు కాబట్టే కాలు లేస్తోందని బాలసుందరం తేల్చాడు. తిమ్మరాయన్ నమ్మాడు. రాయితో బతికినవాడికి బరువు తప్ప ఇంకో కారణం తోచదు. జామైన ఫ్రీ కూడా ఒక రకంగా మేలు చేస్తోందేమో అని దిగుడు రోడ్డులో ఒకసారి అనిపించింది. అంతలో ఎదురుగా ఎద్దుబండి వచ్చింది, ఆ ఆలోచన అక్కడే పడిపోయింది. కొత్త రిమ్ము వచ్చాక కూడా నల్ల చక్రమే ఉంచెయ్యమని బతిమాలాడు. బదులుగా బాలసుందరం అంగడి ముందు మెట్లకు రెండు పలకలు చెక్కి పరిచాడు.

ఏడు నెలలు అతను మనిషిలా బతికాడు. ఏడున్నరకే ఊళ్ళో ఉండేవాడు. జల్లి కుప్ప దాటేటప్పుడు గంట కొట్టేవాడు. అక్కరలేకపోయినా కొట్టేవాడు. ముసలామె గోనెపట్ట ఎప్పుడు మడిచిందో గమనించలేదు.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే బాలసుందరం చెప్పినట్టు చక్రం నడుమ కిరసనాయిలు పోసేవాడు. ఫ్రీ విడవలేదు. కిరసనాయిలు మాత్రం నల్ల బిళ్ళ మీదుగా జారి, టైరు అతికిన చోటికి పోయి చేరేది. అక్కడి జిగురు మెత్తబడింది. ఎనభై తొమ్మిది వైశాఖంలో ఒక పొద్దున మలుపు తిరుగుతుండగా టైరు చక్రం మీంచి పక్కకు జారి ఊడింది. పడ్డాడు. బాలసుందరం సొల్యూషన్ పూసి అతికించాడు. వారానికి మళ్ళీ జారింది. పదకొండింటికి చేరాడు. ఆ ఏడు కొత్త ప్రభుత్వం వచ్చి, పాత పేర్లు పీకి కొత్త పేర్లు పెట్టించే వాళ్ళు అంగడి ముందు వరస కట్టి ఉన్నారు. కరుప్పుసామి మొదటిసారి నోరు విప్పాడు. సేలంలో ఒక మనిషి ఉన్నాడు, రెండు కాళ్ళూ ఉన్నాయి, పిలిస్తే వస్తాడు, అని అరవంలో నెమ్మదిగా చెప్పాడు. చక్రం ఇక మోసం చెయ్యదు అని తిమ్మరాయన్ మాటిచ్చాడు. ఏ ధైర్యంతో ఇచ్చాడో అతనికే తెలియదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తినలేదు. అతని పెళ్ళాం పచ్చయమ్మాళ్ ఏమిటని అడిగితే, చక్రం మీద చెయ్యి వేస్తే నరుకుతానన్నాడు. ఆమె దాని జోలికే పోలేదు, అడిగిందంతే. అతనికి భయం అట్లా వచ్చేది నోట్లోకి.

పచ్చయమ్మాళ్‌ది వీధుల పని. బుట్టలో సుత్తి, నాలుగు ఉలులు పెట్టుకుని ధర్మపురి, ఇండూరు వీధుల్లో తిరిగేది. మసాలా నూరే అమ్మిరాయి, పిండి రుబ్బే రోలు వాడగా వాడగా నున్నబడతాయి. నున్నబడితే పప్పు రాయి మీద జారుతుంది గానీ నలగదు. అప్పుడు ఉలితో రాయి ఒళ్ళంతా చిన్నచిన్న గాట్లు వేయాలి. అదే కక్కు కొట్టడం. రాయి మళ్ళీ పట్టుకుంటుంది. ఆ పని ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళదే. ఒక్కొక్కరిది ఒక్కొక్క చెయ్యి. పచ్చయమ్మాళ్ మూడు గాట్లు వేసి ఒక సందు వదిలేది, మళ్ళీ మూడు గాట్లు. ఆమె కొట్టిన రాయి ఏ ఇంట్లో ఉన్నా ఆమె గుర్తుపట్టేది.

తర్వాతి ఆదివారం తిమ్మరాయన్ జ్వరంతో పడుకున్నాడు. పచ్చయమ్మాళ్ సైకిలు ఇంటి వెనక్కి తీసుకుపోయి టైరు ఒలిచింది. అది కూర్చునే గాడి చూసింది. నూనె రాసిన గాజులా ఉంది. ఆమెకు కోపం కూడా వచ్చింది, ఇంత నున్నటి దాని మీద ఏది నిలుస్తుందని బాలసుందరానికి తెలియకపోయిందే అని. బుట్టలోంచి అన్నిటికన్నా సన్నని ఉలి తీసింది. మిరియపు గింజంత మొన. పసిబిడ్డ పళ్ళెం మీద పేరు కొట్టినంత మెల్లిగా, మూడు గాట్లు, సందు, మూడు గాట్లు, చక్రం చుట్టూ తిరిగి వచ్చింది. రాయి అయితే పొడి రాలుతుంది. దీంట్లోంచి నల్లటి నారలు లేచాయి. వాటిని వేలితో రుద్ది పడుకోబెట్టింది. సొల్యూషన్ పూసి టైరు అతికించి ఒక పూటంతా బరువు పెట్టింది. సాయంత్రం లాగి చూస్తే టైరు ఊడలేదు, ఆమె గోరు ఊడింది. మొగుడితో ఏమీ చెప్పలేదు. నరుకుతానన్న మాట జ్ఞాపకం ఉంది.

టైరు పదహారు రోజులు మళ్ళీ జారలేదు.

పదిహేడో రోజు బుధవారం. ఇండూరు నీళ్ళ ట్యాంకు పలక పది గంటలకు వ్యానులో పోవాలి. మూడు వరసలు మిగిలి ఉన్నాయి, అందులో మంత్రి పేరొకటి. ఏడున్నరకు వచ్చి కూర్చుంటానని తిమ్మరాయన్ ముందు రోజు చెప్పి వచ్చాడు. ఇదే ఆఖరు అని కరుప్పుసామి అనలేదు. పక్కనున్న ఖాళీ పీటను తుడిపించి పెట్టాడు.

ఊరి మొదట్లో దిగుడుంది. పెడళ్ళు జోరుగా తిరుగుతున్నాయి, కాళ్ళు వాటి వెంబడి పోతున్నాయి. ఎండిన తాటిమట్ట విరిచినట్టు చప్పుడైంది. వెనక ఏదో కూర్చుండిపోయింది. అంతే తెలుసు. తర్వాత రోడ్డు అతని చెంప కింద ఉంది, సైకిలు అతని కాలి మీద ఉంది, పెడలుకు కట్టిన పాదం పెడలుకే ఉంది.

ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి, సైకిలుతో సహా లాగి పక్కన ఒక అరుగుకు ఆనించారు. పాదం కట్టు విప్పబోతే ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అతనికే తెలియదు. కట్టు విప్పితే పని అయిపోయినట్టే అనిపించింది. టైము అడిగాడు. ఏడూ ఇరవై అన్నారు. వాళ్ళు పోయాక చక్రం వైపు చూశాడు. నల్ల బిళ్ళ అంచు మూడో వంతు విడిపోయి, నారలు బయటికి వచ్చి వేలాడుతోంది. టైరు తప్పుకున్న చోట గాడి కనిపిస్తోంది. విరిగింది గాడి వెంబడే. చిల్లుల వెంట కాగితం చిరిగినట్టు విరిగింది.

మూడు గాట్లు, సందు. మూడు గాట్లు, సందు.

చాలాసేపు చూశాడు. ఆ చెయ్యి తెలియనివాడు కాదు. ఇంట్లో అమ్మిరాయి మీద పదమూడేళ్ళుగా చూస్తున్నాడు. మొదట ఒళ్ళంతా మంట లేచింది. ఇప్పుడు ఎదురుగా ఉంటే గొంతు పిసికేవాణ్ణి అనుకున్నాడు. తర్వాత ఆమె గోరు ఊడిన వేలికి గుడ్డ చుట్టుకుని వారం తిరిగిన సంగతి గుర్తొచ్చింది. ఏమైందని తాను అడగలేదు. అది కూడా గుర్తొచ్చింది. దీన్ని ఎక్కడైనా పారెయ్యాలి, క్వారీ గుంట నీళ్ళలో వేసెయ్యాలి, ఆమె కంట పడకూడదు అనుకుంటుండగా వీధి మలుపులో ఆమె కేక వినిపించింది.

"అమ్మి కొత్తలియో, ఆట్టుకల్ కొత్తలియో."

అమ్మికి, రోలుకు కక్కు కొట్టించుకుంటారా అని అరవంలో అడగడం. బుధవారం ఆమె వీధి అదే. తిమ్మరాయన్ భుజం మీది తువ్వాలు తీసి చక్రం మీద కప్పాడు.

పచ్చయమ్మాళ్ బుట్ట దించి అతని ముందు కూర్చుంది. చెంప చూసింది, చెయ్యి చూసింది, కట్టేసిన పాదం చూసింది.

"ఏమాయె మామా?"

"లారీ తగిలింది."

"లారీ తగిల్తే బతుకుతావా నువ్వు."

తువ్వాలు తీసింది. అతను ఆపబోయాడు, చెయ్యి లేవలేదు. ఆమె గాడిలో వేలు పెట్టి, అంచు వెంబడి మెల్లిగా జరిపింది. రాయిని చూసినట్టే చూసింది.

"ఇది నా చెయ్యి."

"లారీ అంటినే."

"నా చెయ్యి నాకు తెల్దా మామా."

నీ తప్పు కాదని చెప్పాలనుకున్నాడు. నోటికి వచ్చింది వేరే. "ఎవరు కొట్టమన్నారే నిన్ను?"

"జారతా ఉండె," అందామె. "నువ్వు పడితే కుప్పలో కూసోబెడ్తారు. పట్టుకోనీ అని కొట్టినా."

అరుగు ఇంటి ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. వాళ్ళు తాగలేదు, చెంబు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కోర్టు వైపు జనం పోతున్నారు. ఎనిమిది అయి ఉంటుంది. సేలం మనిషికి కబురు పోయి ఉంటుంది, లేదా ముందే వచ్చి లోపల కూర్చుని ఉంటాడు. ఆ తుడిచిపెట్టిన పీట ఎవరికో తిమ్మరాయన్‌కు ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

కాలన్నా విప్పనీ అంది పచ్చయమ్మాళ్. ముడి పెడలు అడుగున పడి ఉంది. అందాలంటే పెడలు పైకి రావాలి. ఆమె సైకిలు వెనక భాగం ఎత్తి తన తొడ మీద పెట్టుకుంది. మిగిలిన అంచు కూడా టైరుతో ఊడిపోయింది, నడుమ బిళ్ళ ముక్క, పళ్ళు, గొలుసు ఉన్నాయి. ఆ ముక్కను చేత్తో తిప్పింది. గొలుసు కదిలింది, పెడలు లేచింది, తిమ్మరాయన్ ఎడమ మోకాలు లేచింది. ముడి చేతికి అందింది. ఆమె విప్పలేదు. ఇంకొకసారి తిప్పింది. కాలు దిగింది, లేచింది. ఇంకొకసారి తిప్పింది.

"మామా, చక్రం పోయింది గదా?"

"పోయింది. చూస్తా లేవా."

"మరి కాలు ఎట్ల లేస్తా ఉంది?"

తిమ్మరాయన్ తన మోకాలి వైపు చూశాడు. ఆమె తిప్పుతూనే ఉంది. విరిగిన ముక్కకు బరువూ లేదు, అంచూ లేదు, టైరూ లేదు. కాలు మాత్రం లేస్తోంది, దిగుతోంది. ఏడు నెలలు రోజూ కిరసనాయిలు పోసి విడిపించాలని చూసిన జామ్. అది విడిచి ఉంటే ఆ రోజే పడేవాడు. విడవనందుకే తొక్కాడు. దాన్ని విడిపించబోయి టైరు జార్చుకున్నాడు, టైరు జారినందుకు ఈమె ఉలి పట్టింది. నవ్వొచ్చింది. నవ్వితే చెంప మీద తోలు లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ముడి విప్పి, అతన్ని అట్లాగే వదిలేసి, దారిన పోయే చేతిబండిని ఆపడానికి లేచింది.

బాలసుందరం విరిగిన చక్రాన్ని చూసి ఏదో ఎగతాళి మాట నోటిదాకా తెచ్చుకున్నవాడల్లా, పచ్చయమ్మాళ్ ముఖం చూసి మింగేశాడు. ఆమె చెప్పింది విన్నాడు. తాను కూడా తిప్పి చూశాడు. తర్వాత సుత్తి, ఉలి తీసుకుని పళ్ళ బిళ్ళను మర విప్పి బయటికి తీశాడు. ఒక మామూలు పాత చక్రం దించి, దాని ఫ్రీ ఊడదీసి, ఆ మర మీద దీన్ని పెట్టి తిప్పాడు. అక్కడే పుట్టినట్టు పట్టింది. ఇనుప రిమ్ము, మామూలు టైరు, ఊళ్ళో ప్రతి అంగట్లో దొరికే సరుకు.

"ఇది జామ్ కాలేదప్పా," అన్నాడు చివరకు, ఎవరి ముఖమూ చూడకుండా. "ఇది చేసేదే ఇట్ల చేసినారు. దీనికి నేను ఏడు నెల్లు కిరసనాయిలు పోయించినా."

అతన్ని తిట్టడానికి తిమ్మరాయన్‌కు టైము లేదు. స్తంభం పట్టుకుని ఎక్కాడు. బరువైన చక్రం. కాలు లేచింది.

కరుప్పుసామి అంగడి ముందు గుమ్మం పక్కన ఒక రాతి స్తంభం ఉంది, ఎవరో చేయించి తీసుకుపోనిది. ఎప్పుడూ అది పట్టుకునే ఆగేవాడు. పదిన్నర దాటింది. వ్యాను పోయింది. లోపల తన పీట పక్క పీట మీద సేలం మనిషి కూర్చుని ఉన్నాడు. అతని ముందు కొత్త పలక ఉంది, సుద్ద గీతలు ఇంకా చెరగలేదు. ఉలి పట్టుకునే తీరు చూశాడు తిమ్మరాయన్. మంచి చెయ్యి. అదొక్కటి చెడ్డదై ఉంటే బాగుండేది.

చక్రం మారింది, ఇక ఎప్పటికీ తప్పదు, ఏ అంగట్లోనైనా దొరుకుతుంది అని మొత్తం చెప్పాడు. సీటు మీదే ఉండి, స్తంభం పట్టుకుని, అరవంలో, తడబడుతూ. కరుప్పుసామి అంతా విన్నాడు. చెంప మీది నెత్తురు తుడుచుకోమని గుడ్డ ఇప్పించాడు. చక్రం గురించి ఆ రోజు కూడా ఇట్లాగే చెప్పావు తంబీ అన్నాడు. గొంతు పెంచలేదు. లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ కబురు మళ్ళీ వచ్చింది. ఈసారి తిమ్మరాయన్ ఏమీ విసరలేదు. తెచ్చినవాడు జవాబు కోసం చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పచ్చయమ్మాళ్ అతని పాదం పెడలుకు కట్టింది. ఎక్కడికని అడగలేదు. జల్లి కుప్ప దగ్గర ముసలామె గోనెపట్ట పరిచి ఉంది. తిమ్మరాయన్ గంట కొట్టలేదు. దాటిపోయాడు.

ఏడున్నరకు అంగడి ముందు రాతి స్తంభం పట్టుకుని ఆగాడు. తలుపు తీసిన కరుప్పుసామి చూసి, చూడనట్టు లోపలికి పోయాడు. సేలం మనిషి వచ్చాడు, పలక ముందు కూర్చున్నాడు. సుత్తి చప్పుడు మొదలైంది. తిమ్మరాయన్ సీటు మీదే ఉన్నాడు. పది దాకా ఉన్నాడు. పచ్చయమ్మాళ్ కేక ఒక వీధిలో వినిపించి, ఇంకో వీధిలోకి పోయింది. ఎండ స్తంభం మీదికి వచ్చింది, రాయి వేడెక్కింది. చెయ్యి మార్చుకున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ సరిగ్గా ఏడున్నరకే వచ్చాడు. టీకొట్టు మనిషి గ్లాసు అక్కడికే తెచ్చిచ్చేవాడు. తొమ్మిదో రోజు లోపల సుత్తి చప్పుడు ఒక్కసారి తప్పుగా పడింది. ఏ అక్షరం దగ్గర తప్పిందో బయట ఉన్నవాడికి తెలిసింది. కరుప్పుసామి గుమ్మంలోకి వచ్చి రోడ్డు వైపు చూశాడు, చాలాసేపు చూశాడు, లోపలికి పోయాడు. సుత్తి మళ్ళీ మొదలైంది.

తిమ్మరాయన్ స్తంభం వదల్లేదు.